రెండోసారి చూసే బెంగళూరు

(బెంగళూరులో స్థిరపడిన తెలుగువారి సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



బెంగళూరుకు తొలిసారి వచ్చిన బంధువుకు ఏమేమి చూపించాలో ఎవరినీ అడగనక్కర్లేదు. విధానసౌధ ఎదుట ఒక ఫొటో, లాల్‌బాగ్‌లో గాజుభవనం, కబ్బన్ పార్కు, చీకటి పడ్డాక ఏదో ఒక మాల్. ఒక్క ఆదివారంతో జాబితా పూర్తవుతుంది. చిక్కంతా ఆయన రెండోసారి వచ్చినప్పుడే. “అన్నీ చూసేశాం కదా, ఇంకేముంది?” అని అడుగుతాడు. పదేళ్లుగా ఇక్కడే కాపురముంటున్న ఇంటివారికీ జవాబు తోచదు. అనంతపురం నుంచి, చిత్తూరు నుంచి, కర్నూలు నుంచి, హైదరాబాదు నుంచి ఉపాధి వెతుక్కుంటూ వచ్చినవారిలో చాలామందికి ఈ నగరమంటే ఇల్లు, పనిచోటు, ఆ రెంటి నడుమ వాహనాల రద్దీ. “ఊరికి వెళ్తున్నాం” అంటే బెంగళూరు విడిచి వెళ్తున్నామనే అర్థం.

బంధువు అడిగిన ప్రశ్నకు జవాబు మాఘమాసం చివరి నుంచి వైశాఖం దాకా ఈ నగర వీధుల్లోనే దొరుకుతుంది. దానికి టికెట్టు అక్కర్లేదు, తొందర అసలే పనికిరాదు.

ముందుగా చెట్ల సంగతి. చలి తగ్గుతుండగా కబ్బన్ పార్కులోనూ జయనగర వీధుల్లోనూ టబెబుయా చెట్లు ఆకు రాల్చి, కొమ్మ కొమ్మకూ గులాబీ రంగు పూలు తొడుగుతాయి. వాటి వెనుకే పసుపు పూల టబెబుయా విచ్చుకుంటుంది. ఆపైన జకరండా ఊదారంగు పరుస్తుంది. చైత్రంలో కానుగ లేత చిగురు వేస్తుంది. కన్నడిగులు హొంగె అని పిలిచేది ఈ చెట్టునే. ఏప్రిల్, మే నెలల్లో తురాయి ఎర్రగా మండుతుంది. ఒకటి వాడేలోగా మరొకటి పూయడం కేవలం యాదృచ్ఛికం కాదు, దాని వెనుక ఒక మనిషి ఆలోచన ఉంది.

ఆయన పేరు గుస్తావ్ హెర్మన్ క్రుంబీగెల్. 1865లో జర్మనీలో పుట్టి, లండన్‌లోని క్యూ ఉద్యానంలో పనిచేసి, 1893లో బరోడా సంస్థానానికి, 1908లో బెంగళూరుకు వచ్చాడు. మైసూరు సంస్థానం ఉద్యానాల బాధ్యతలు చూస్తూ, ఏడాదిలో ఏ నెలలోనైనా ఏదో ఒక వీధి పూలతో నిండి ఉండేలా చెట్లను ఎంపిక చేయాలని తలపెట్టాడు. 1956లో ఈ నగరంలోనే కన్నుమూశాడు. లాల్‌బాగ్ దగ్గర ఒక రోడ్డు నేటికీ ఆయన పేరు మోస్తోంది. తర్వాతి కాలంలో, 1980లలో, అటవీశాఖ అధికారి సేతురామ్ నెగినహాళ నాయకత్వంలో సుమారు 15 లక్షల మొక్కలు నగరమంతటా నాటారు. ఇవాళ అనేక కాలనీల్లో కనిపించే నీడ ఆనాటి శ్రమ ఫలమే.

ఇక్కడ ఒక విశేషం గమనించదగినది. బెంగళూరు వసంతానికి గుర్తులుగా చెప్పుకునే చెట్లలో పెక్కు ఈ నేలవి కావు. టబెబుయా, జకరండా అమెరికా ఖండపు ఉష్ణప్రాంతాల నుంచి వచ్చాయి. రోడ్లకు గొడుగు పట్టే నిద్రగన్నేరూ అక్కడిదే. తురాయి మడగాస్కర్ దీవిది. వాటిని వరుసగా నాటాలని తలపోసినవాడూ పరదేశియే. వచ్చినవి వేరూనుకున్నాయి, వేప, కానుగ, సంపెంగల సరసన నిలిచి నీడనిచ్చాయి. పనికోసం వచ్చి, తాను ఈ నగరానికి పరాయివాడినని లోలోపల కుంగే ప్రతి మనిషీ ఒకసారి తలెత్తి చూడవలసిన దృశ్యమిది.

చెట్ల తర్వాత చెప్పవలసినవి చైత్రమాసపు మూడు తిథులు: పాడ్యమి, నవమి, పున్నమి.

పాడ్యమి నాటి ఉగాది తెలుగువారికీ కన్నడిగులకూ ఉమ్మడి పండుగ. ముందురోజు సాయంత్రం మల్లేశ్వరం లేదా గాంధీబజారు సంతలో తిరిగితే చాలు. మామిడాకులు, వేపపువ్వు, మల్లెమూరలు, కొత్త బెల్లం రాసులుగా పోసి ఉంటాయి. తెలుగింట ఆరు రుచుల పచ్చడి, కన్నడ ఇంట బేవు–బెల్ల. ఇక్కడి ఒబ్బట్టు అక్కడి బొబ్బట్టే. మల్లేశ్వరంలో ఒక రోడ్డుకు వేపచెట్టు పేరు, మరొక రోడ్డుకు సంపెంగ పేరు ఉన్నాయి. ఆ పేర్లకు కారణమైన చెట్లు ఎన్ని మిగిలాయో లెక్కపెడుతూ నడవడం పిల్లలకు మంచి ఆట.

శ్రీరామనవమికి చామరాజపేటలోని ఫోర్ట్ హైస్కూలు మైదానంలో పందిళ్లు లేస్తాయి. శ్రీరామసేవా మండలి 1939లో ఆరంభించిన సంగీతోత్సవమది. కన్నడ శ్రోతల ఎదుట, తరచుగా తమిళదేశం నుంచి వచ్చిన విద్వాంసులు, త్యాగరాజస్వామి తెలుగు కీర్తనలు పాడతారు. శాస్త్రీయ సంగీతం తెలియని తెలుగువాడికి సైతం అక్కడ మాట అర్థమవుతుంది. నవమినాడు వీధి వీధినా ఇచ్చే పానకం, మజ్జిగ, కోసంబరి అందుకుంటూ నడిచేవారికి ఎండ భారమనిపించదు.

పున్నమి రాత్రి కరగ. తిగళరపేటలోని ధర్మరాయస్వామి ఆలయం నుంచి, నడిరేయి దాటాక, స్త్రీవేషం ధరించిన పూజారి మల్లెపూలతో గోపురంలా అలంకరించిన కరగను శిరస్సున మోస్తూ బయలుదేరతాడు. కత్తులు చేతబట్టిన వీరకుమారులు వెంట నడుస్తారు. తిగళ సముదాయం తరతరాలుగా నిలుపుకొస్తున్న ఈ ఉత్సవం ద్రౌపదీదేవికి సంబంధించినది. ధర్మరాజుల గుళ్లు, భారత ఉత్సవాలు ఎరిగిన చిత్తూరు ప్రాంతం వారికి ఇది సొంత జాతరలాగే తోస్తుంది. ఊరేగింపు కాటన్‌పేటలోని తవక్కల్ మస్తాన్ దర్గా దగ్గర ఆగి ముందుకు సాగడం దీని ఆచారం. ఆ రాత్రి పాతపేట వీధి అరుగుపై కూర్చున్నవారికి ఈ నగరపు పాత పరిచయం ఒకటి దక్కుతుంది. అది పగటి రద్దీలో దొరకదు.

చైత్ర వైశాఖాల్లో సాయంకాలం హఠాత్తుగా కురిసే మామిడి జల్లులూ ఇక్కడి సుఖాల్లో ఒకటి. అయితే ఆ గాలివానకే కొమ్మలు విరుగుతాయి. కనుక ఉరుములు మొదలయ్యాక చెట్టు కింద నిలవకూడదు, వాహనాలు నిలపకూడదు. పూలకోసం కొమ్మ వంచడం, విరవడం తగదు, రాలిన పూలే కావలసినన్ని ఉంటాయి. ఇంటి ముందు చెట్టు అడ్డమనిపించినా ఎవరికి వారు నరికివేసే వీలు లేదు. 1976 నాటి కర్ణాటక వృక్ష సంరక్షణ చట్టం ప్రకారం వృక్షాధికారి అనుమతి తప్పనిసరి. మొక్క నీడనిచ్చే చెట్టు కావడానికి ఎన్నో ఏళ్లు పడుతుంది, దాన్ని కూల్చడానికి ఒక పూట చాలు.

ఇక రెండోసారి వచ్చిన ఆ బంధువు సంగతి. ఆయనను పొద్దున్నే మళ్లీ లాల్‌బాగ్‌కే తీసుకువెళ్లవచ్చు, ఈసారి గాజుభవనం వైపు కాదు. కెంపేగౌడ గోపురం నిలిచిన రాతిగుట్ట వయసు సుమారు 300 కోట్ల సంవత్సరాలని భూగర్భ శాస్త్రవేత్తల మాట. దాని మీద ఒక గంటసేపు ఊరికే కూర్చోవాలి. ఇంటి నుంచి తెచ్చుకున్న ఇడ్లీలు తిని, ఆ కాగితం, సీసాలు తిరిగి ఇంటికే పట్టుకుపోవాలి. ఆదివారమైతే వాహనాలు తిరగని కబ్బన్ పార్కు రోడ్లపై పిల్లలను స్వేచ్ఛగా పరుగెత్తనివ్వాలి. ఖర్చు స్వల్పం.

ఆ పిల్లలు రేపు పెద్దవారై, ఏ దూరదేశంలోనో ఫిబ్రవరి నెలలో గులాబీ రంగు పూలు తలచుకుని “మా ఊళ్లో ఇప్పుడు పూసి ఉంటాయి” అనవచ్చు. వారు ఊరనేది బెంగళూరునే. తల్లిదండ్రులు కూడా అంతదాకా ఆగనక్కర్లేదు. ఈ వసంతంలోనే ఒక ఆదివారం ఉదయం మొదలుపెట్టవచ్చు.