చూచువారి ముక్కలు, ఆడువారి ముక్కలు
(కనకాలపేటలో జరిగిన సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మొన్నటి సంక్రాంతి రాత్రి మా ఇంట జరిగిన పోకరు ఆటను గురించి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగారు కోరిరి. పదవ తరగతితో చదువు చాలించి దుకాణమున కూర్చున్నవాడను. ఉపన్యాసము నాకు చేతగాదు. జరిగినది జరిగినట్లు చెప్పెదను.

పండుగ మూడు దినములును పేక పట్టని ఇల్లు మన ప్రాంతమున అరుదు. కోడిపందెములు, గుండాట మాట సరేసరి. పదమూడు ముక్కల రమ్మీ నాకును వచ్చును. పోకరు మాత్రము మా పిల్లలు తెరపై చూచి నేర్చినది. ఒక్కొక్కరికి రెండు ముక్కలు బోర్లించి ఇత్తురు. నడుమ ఐదు ముక్కలు విడతలుగా తెరతురు. ఏడింటిలో మేలైన ఐదింటిని లెక్కింపవలెను. ప్రతి విడతకును పందెము పెంచవచ్చును. భయపడినవాడు ముక్కలు పడవేయవచ్చును. కావున మంచి ముక్కలు లేనివాడును ధైర్యము నటించి గెలువగలడు.

ఈ ఆట లోకమంతట వ్యాపించుటకు కారకుడు ఒక జమాఖర్చుల గుమాస్తా. అమెరికాలోని టెన్నెసీ రాష్ట్రమువాడు. ఇంటిపేరు మనీమేకర్, అనగా డబ్బు చేయువాడు. అది పుట్టుకతో వచ్చిన ఇంటిపేరే గాని పెట్టుకొన్న పేరు గాదు! 2003 మే నెలలో లాస్ వేగాసున జరిగిన ప్రపంచ పోకరు పోటీలో ప్రవేశ రుసుము 10,000 డాలర్లు. క్రిస్ మనీమేకర్ ఇంటర్నెట్టులో 86 డాలర్లతో ఆడి గెలిచి ఆ ప్రవేశమును సంపాదించెను. ఎదురెదురుగా కూర్చుండి ఆడు పోటీ అతనికి అదియే మొదటిది. ప్రయాణమునకై తన గెలుపులో భాగమును తండ్రికిని ఒక మిత్రునికిని ముందే అమ్ముకొనెను. మనవారు వాటాలు వేసికొనుటకు ఇది భిన్నము గాదు.

తుదకు మిగిలినది అతడును, సామ్ ఫర్హా అను ఆరితేరిన ఆటగాడును. ఒక ఆటలో ఫర్హాకు తొమ్మిదుల జత పడెను. మనీమేకరునకు ఏమియు కలియలేదు; అయినను తన బిళ్లలన్నియు ముందుకు త్రోసెను. ఫర్హా చాలసేపు యోచించి ముక్కలు పడవేసెను. తరువాత మనీమేకర్ పోటీ గెలిచి 25 లక్షల డాలర్లు పొందెను. పోటీ చేసినవారు 839 మంది. బహుమతులు 63 మందికే. తక్కిన 776 మంది ఉత్త చేతులతో ఇంటికి పోయిరి. వారి కథ ఎవరును చెప్పుకొనరు. మరుసటి యేడు పోటీకి 2,576 మంది వచ్చిరి; 2006 నాటికి 8,773 మంది.

ఈ వెల్లువకు మనీమేకర్ గెలుపు ఎంత కారణమో, కెమెరా అంత కారణము. 1999లో బ్రిటనులో ఒక టెలివిజను కార్యక్రమమున బల్ల అంచున అద్దము బిగించి, దాని క్రింద కెమెరా పెట్టిరి. ఆటగాడు దాచిన ముక్కలు చూచువానికి తెలిసెను. 2003 పోటీని కూడ ముక్కలు కనబడునట్లే, దినముల తరబడి జరిగిన ఆటను కొన్ని గంటలకు కుదించి చూపిరి.

మా మేనల్లుడు ఈ సంక్రాంతికి అదే పని చేసెను. అద్దపు బల్ల క్రింద సెల్ ఫోనులు అమర్చి ముందుగదిలోని టీవీకి కలిపెను. ఆరుగురము ఆడితిమి. పందెము చింతపిక్కలు, తలకు వంద. నా చేత పదుల జత యుండెను. నడుమ ఆసు తెరచుకొనెను. మేనల్లుడు తన పిక్కలన్నియు త్రోసి మిన్నకుండెను. నాకు అరచేతులు చెమర్చినవి. చింతపిక్కలకే! ముందుగదిలో ఎవరో నవ్విరి. ఆ నవ్వు నన్ను గురించియో, అతనిని గురించియో తెలియక ముక్కలు పడవేసితిని. వాని చేత ఏమియు లేదు. ఇంటావిడ వచ్చి, “అంత మాత్రం తెలియలేదా అండీ?” అనెను. మరునాడు ఆ రికార్డింగు చూచితిని. నిజమే, నాకును నేను తెలివితక్కువవానిగానే కనబడితిని. రెండు చేతులును కనబడుచుండగా తప్పు చేయుట కష్టము.

ఈ మాట చెప్పుటకు కారణమున్నది. మా దుకాణమున లెక్కలు వ్రాయు అబ్బాయి 2023లో ఫోనులో పోకరు ఆడి జీతము పోగొట్టుకొని, తరువాత వసూలు సొమ్ములో 42,000 రూపాయలు పోగొట్టెను. అతని అనుమతితోనే చెప్పుచున్నాను, పేరు అడుగవద్దు. “టీవీలో చూసినప్పుడు ప్రతీసారీ నేను అనుకున్నదే జరిగేదండి,” అనెను. మొదట మూడు వేలు గెలిచిననాడు అతడు అందరికిని ఆత్రేయపురం పూతరేకులు పంచెను. నేనును తింటిని, “గట్టివాడివిరా” అని వీపు తట్టితిని.

అప్పుడు చట్టమేమనెనో వెదకితిని. రమ్మీ నైపుణ్యముతో కూడిన ఆటయని, మూడు ముక్కలాట వంటిది గాదని సుప్రీంకోర్టు సికిందరాబాదు క్లబ్బు కేసులో 1967లో చెప్పెను. ఫోనులోని పోకరును, రమ్మీని డబ్బుకు ఆడరాదని ఆంధ్రప్రదేశ్ 2020లో నిషేధించెను. ఎదుర్లంక వంతెన కావల ఆ నిషేధము. ఈవల మనము పుదుచ్చేరివారము. డబ్బు పెట్టి ఆడు ఆన్‌లైను ఆటలను నిషేధించుచు పార్లమెంటు దేశమంతటికి చట్టము చేసినది 2025 ఆగస్టులో. మా అబ్బాయి సొమ్ము అంతకు ముందే పోయినది.

పోలీసులకు అప్పగింపుమని కొందరు పెద్దలు చెప్పిరి. పూతరేకులు తిన్న నోటితో ఆ పని చేయలేకపోతిని. నెలకు పదిహేను వందలు జీతమున విరుగుచున్నవి; ఇంక మూడు వాయిదాలు మిగిలినవి. సంక్రాంతి రాత్రి అతడును వచ్చెను. ఆడుమనగా వద్దనెను. టీవీ ముందు కూర్చుండుమనగా అదియు వద్దని నా కుర్చీ వెనుక నిలుచుండెను. అక్కడనుండి నా రెండు ముక్కలే కనబడును. నేను పదుల జతను పడవేయగా లోపలివారందరు ఘొల్లుమని నవ్విరి. అతడు మాత్రము వంగి మెల్లగా, “నేనైనా పడేసేవాణ్ణేనండి,” అనెను.