ఇంటిల్లిపాదీ పెంచే చెట్టు
(సిబ్బంది కుటుంబాల వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డిపాజిట్లు, రికవరీల గురించి ఏడాది పొడవునా మాట్లాడుకుంటూనే ఉంటాం. ఈ రోజు పిల్లలూ పెద్దలూ అంతా వచ్చారు కాబట్టి బోన్సాయ్ పెంపకం గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు.

బోన్సాయ్ అనేది చెట్టు జాతి కాదు, చెట్టును పెంచే పద్ధతి. జపాన్ భాషలో 'బోన్' అంటే పళ్లెం లాంటి తొట్టె, 'సాయ్' అంటే నాటడం. చైనాలో పుట్టిన ఈ విద్య జపాన్‌లో మెరుగులు దిద్దుకుంది. దీనికి ప్రత్యేకమైన విత్తనాలేమీ అక్కర్లేదు. పాత గోడల పగుళ్లలో మొలిచే రావి, మర్రి, జువ్వి మొక్కలు చాలు. నా జువ్వి మొక్క అలా దొరికిందే. నేను చేరిన మొదటి శాఖలో ప్రహరీకి సున్నం వేస్తూ పీకేయబోతుంటే అడిగి తెచ్చుకున్నాను. ఇప్పుడు దానికి 18 ఏళ్లు, ఎత్తు అడుగున్నర.

'పెరగాల్సిన చెట్టును అణిచిపెట్టడం పాపం కాదా అమ్మా?' అని మా అత్తయ్యగారు అప్పట్లో అడిగారు. న్యాయమైన ప్రశ్నే. అయితే తేయాకు కూడా వదిలేస్తే చెట్టయ్యేదే. కత్తిరిస్తూ ఉంటే నడుమెత్తు పొదగా దశాబ్దాలు బతుకుతుంది. పెరట్లో కరివేపాకు కొసలు గిల్లితేనే గుబురుగా వస్తుంది. బోన్సాయ్‌లో కత్తిరింపు ఉంది కానీ కడుపు మాడ్చడం లేదు. నీరు, ఎరువు, ఎండ అందకపోతే చెట్టు పొట్టిగా ఉండిపోదు, చచ్చిపోతుంది.

కొత్తగా మొదలుపెట్టేవారికి ఫైకస్, అడీనియం, కాగితం పూల మొక్క మన ఎండలకు బాగా తట్టుకుంటాయి. ఎర్రమట్టి, చిన్న ఇటుక ముక్కలు, కంపోస్టు సమానంగా కలపండి. తొట్టె అడుగున నీళ్లు పోయే రంధ్రాలు తప్పనిసరి. వేలితో మట్టిని తాకి చూసి, పైన ఆరితే అడుగు రంధ్రం నుంచి కారేదాకా నీళ్లు పోయాలి. నడివేసవిలో రెండు పూటలా పోయాల్సి రావచ్చు. అడీనియానికి మాత్రం మట్టి బాగా ఆరాకే పోయాలి. కొత్త రెమ్మకు ఆరేడు ఆకులు రాగానే రెండు మూడు ఉంచి తుంచేయండి. కొమ్మను వంచాలంటే అల్యూమినియం తీగ చుట్టండి. వారం వారం చూస్తూ, అది బెరడులోకి దిగకముందే ముక్కలుగా కత్తిరించి తీసేయండి. లేత వయసులో రెండేళ్లకోసారి, తొలకరిలో, వేళ్లలో మూడోవంతు తీసి మట్టి మార్చి, రెండు మూడు వారాలు నీడలో ఉంచండి. ఇది హాల్లో పెట్టే అలంకరణ వస్తువు కాదు. దాని చోటు బాల్కనీ, లేదా డాబా.

ఇదంతా రోజుకు పది నిమిషాల పని. కానీ ఒక్క రోజూ సెలవు లేదు. ఆ పళ్లెంలో మట్టి గుప్పెడే. నడివేసవిలో రెండు రోజులు మరిచిపోతే చెట్టు దక్కదు. అందుకే ఇది ఒక్కరు పెంచే చెట్టు కాదు.

మూడేళ్ల క్రితం ప్రమోషన్ మీద నాకు వేరే రాష్ట్రంలో పోస్టింగ్ వచ్చింది. అమ్మాయి పదో తరగతి, మా వారి ఉద్యోగం ఇక్కడ. నేనొక్కదాన్నే వెళ్లాను. చెట్టును అత్తయ్యగారు తీసుకున్నారు. రాత్రి ఫోన్ చేసి 'ఎలా ఉన్నారు?' అంటే ఇంట్లో అందరిదీ ఒకటే జవాబు: 'బాగున్నాం.' చెట్టు గురించి అడిగితే మాత్రం కబుర్లు వచ్చేవి. 'ఇవాళ మోకాళ్లు నొప్పి, డాబా ఎక్కలేదు, నీ కూతురే పోసింది. నాలుగింటికే లేచి కూర్చుంది, లెక్కల పరీక్షంటే భయపడుతోంది.' నాకు చెప్పకుండా దాచినవన్నీ చెట్టు మీదుగా తెలిసేవి. మోకాళ్లకు డాక్టరు దగ్గరికి తీసుకెళ్లడం, లెక్కలకు ట్యూషన్ పెట్టించడం ఆ కబుర్ల వల్లే జరిగాయి.

వాషింగ్టన్‌లోని అమెరికా జాతీయ వృక్షోద్యానంలో ఒక జపాన్ తెల్ల పైన్ బోన్సాయ్ ఉంది. దాని పెంపకం 1625లో మొదలైంది. హిరోషిమాలో యమాకి కుటుంబం తరతరాలుగా దాన్ని కాపాడుకుంది. 1945లో అణుబాంబు పడినప్పుడు సుమారు మూడు కిలోమీటర్ల దూరంలోనే ఉండి బతికింది. 1976లో దాన్ని ఆ కుటుంబం అమెరికాకు కానుకగా ఇచ్చింది. హిరోషిమా సంగతి మాత్రం 2001లో యమాకి మనవలు చూడటానికి వెళ్లినప్పుడే అక్కడివారికి తెలిసింది. బాంబు వేసిన దేశానికే ఇచ్చిన చెట్టు అది. ఇప్పటికీ ఎవరో ఒకరు రోజూ నీళ్లు పోస్తేనే అది నిలుస్తుంది.

కాబట్టి ఖరీదైన బోన్సాయ్ కొనకండి. ఈ తొలకరికి ఒక చిన్న మొక్క తెచ్చుకోండి. తెచ్చే ముందు ఇంట్లో అందరూ కూర్చుని, మీరు క్యాంపుకు వెళ్లిన రోజున నీళ్లు ఎవరు పోస్తారో తేల్చుకోండి.