మా ఊరి డాబా మీద ఇంటర్నెట్

(కృష్ణానగర్‌లో జరిగిన సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కొత్త టెక్నాలజీ గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు నన్ను ఆదేశించారు. టెక్నాలజీ చెప్పేవాళ్లకు మన పక్కనే అమీర్‌పేటలో కొదవ లేదు. నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్సు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. కనుక పెద్ద పెద్ద సంగతుల జోలికి పోను. మా ఊరి ఇంటికి వైర్లెస్ ఇంటర్నెట్ పెట్టించి, నోటు పుస్తకంలో రాసుకున్నవి, చేసిన పొరపాట్లు, ఒక రాత్రి పడిన భయం, ఇవే చెబుతాను. మీలో చాలామందికి ఊళ్లో ఒక పాత ఇల్లు, ఆ ఇంట్లో ఒక పెద్దప్రాణం ఉండే ఉంటాయి. నా అనుభవం అటువంటివారికి పనికిరావచ్చు.

మాది దేవరకొండ వైపు ఒక చిన్న పల్లె. చుట్టూ బండరాళ్ల గుట్టలు. ఆ ఇంట్లో మా అన్న ఉంటాడు. ఎనభై రెండేళ్లు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగం చేసి రిటైరయ్యాడు. వదినె పోయిన తరువాత మా మేనకోడలు తోడుగా ఉంటున్నది. మా దగ్గరకు రమ్మని ఎన్నోసార్లు బతిమాలాను. ఒకసారి వచ్చి పది రోజులున్నాడు. మూడో అంతస్తు, లిఫ్టు లేదు, కిటికీ తీస్తే ఎదుటివాళ్ల గోడ. "వస్త గని, నీ కృష్ణానగర్ల ఆకాశం ఏడున్నది రా?" అని తిరుగు బస్సెక్కాడు. మళ్లీ అడగలేదు.

1987లో మా నాయన పోయినప్పుడు ఊళ్లో ఫోను లేదు. మా చిన్నాయన కొడుకు రాత్రి బయలుదేరి, తెల్లవారి మా ఇంటి తలుపు కొట్టి చెప్పాడు. నేను చేరేసరికి అంతా అయిపోయింది. అప్పటినుంచి ఊరికి వార్త ఎట్లా పోతుంది, ఊరినుంచి ఎట్లా వస్తుంది అన్నది నాకు పాఠ్యపుస్తకంలోని ప్రశ్నగా మిగలలేదు.

ఈ సమస్యకు మన దేశంలో జవాబులు వెదికినవారు తక్కువేమీ కాదు. 1984లో స్థాపించిన సీ-డాట్ సంస్థ దుమ్ముకూ ఎండకూ తట్టుకుని, ఏసీ గది లేకుండానే పనిచేసే చిన్న గ్రామీణ ఎక్స్ఛేంజిని తయారుచేసింది. మొదటిది 1986లో కర్ణాటకలోని కిట్టూరులో పెట్టారు. తరువాత మద్రాసు ఐఐటీలో అశోక్ ఝున్‌ఝున్‌వాలా గారి బృందం కార్‌డెక్ట్ అనే పద్ధతిని తెచ్చింది. స్తంభాలు, తీగలు లేకుండా, రేడియో తరంగాల మీదే ఇంటికి ఫోనూ, కొద్దిపాటి ఇంటర్నెట్టూ ఇచ్చే ఏర్పాటు. వేగం సెకనుకు 35 నుంచి 70 కిలోబిట్లు. ఇవాళ్టి లెక్కలో చీమ నడక. కాని ఆలోచన ఇవాళ్టిదే.

2011లో కేంద్రం పంచాయతీలన్నిటికీ ఆప్టికల్ ఫైబర్ వేయాలని నిర్ణయించింది. దానికే తరువాత భారత్‌నెట్ అని పేరు పెట్టారు. ప్రయోగానికి ఎంచుకున్న మూడు బ్లాకుల్లో అప్పటి విశాఖ జిల్లా పరవాడ ఒకటి. అప్పటి తూర్పు గోదావరి జిల్లా మోరి గ్రామంలో 2016 డిసెంబరులో ఇంటింటికీ ఫైబర్ ఇచ్చారు. మన తెలంగాణలో మిషన్ భగీరథ నీళ్ల పైపుల కందకాలలోనే ఫైబర్ గొట్టాలు కూడా వేశారు. 2024 డిసెంబరులో కొన్ని గ్రామాల్లో టీ-ఫైబర్ ప్రయోగాత్మకంగా మొదలైంది. తీగ ఇంటిదాకా వస్తే దానికి మించినది లేదు. నేను ఒప్పుకుంటాను. కాని మా వీధికి అది రాలేదు. మా అన్న వయసు ఆగి ఎదురుచూసే వయసు కాదు.

2022 అక్టోబరు 1న దేశంలో 5జీ మొదలైంది. 2023లో ప్రైవేటు కంపెనీలు అదే 5జీ టవరు నుంచి ఇళ్లకు బ్రాడ్‌బ్యాండ్ ఇవ్వడం ప్రారంభించాయి. ఇందులో మంత్రమేమీ లేదు. మన సెల్‌ఫోనులో ఉండే పనిముట్టే. కాకపోతే దాన్ని పెద్దది చేసి, మంచి యాంటెన్నా తగిలించి, గోడ లోపల కాక డాబా మీద బిగిస్తారు. అక్కడినుంచి ఒక వైరు ఇంట్లోని వైఫై పెట్టెకు దిగుతుంది. మా మండల కేంద్రం వైపు టవరుకు 5జీ వచ్చిందని తెలిసి, 2024 జూన్‌లో పెట్టించాను. నెలకు ఏడువందల చిల్లర అవుతున్నది. కంపెనీ పేరు చెప్పను. మెచ్చుకుంటే ప్రచారం, తప్పుపడితే తగాదా.

బిగించడానికి వచ్చిన పిల్లవాడు పావుగంటలో పని ముగించాడు. వైరు తక్కువ పడుతుందని తూర్పు గోడకు బిగించి, ఫోనులో ఒక సినిమా పాట పెట్టి చూపించి, "అయిపోయింది సార్" అన్నాడు. నాకు తృప్తి కలగలేదు. సిగ్నల్ బలాన్ని కొలిచే అంకె ఒకటుంటుంది. మైనస్‌లో చూపిస్తుంది. మైనస్ గుర్తు పక్కన అంకె ఎంత చిన్నదైతే అంత మంచిది. తూర్పు గోడ మీద మైనస్ 104 ఉంది. మరునాడు మేనకోడలి కొడుకును తోడు తీసుకుని పెట్టెను డాబా అంతా తిప్పాను. తూర్పు వైపు వేపచెట్టు, దాని వెనుక గుట్ట అడ్డం. నైరుతి మూల నీళ్ల ట్యాంకు పైన పెడితే మైనస్ 81 వచ్చింది. తేడా 23 డెసిబెళ్లు. అంటే అందే శక్తిలో సుమారు రెండువందల రెట్ల తేడా! అదే ఇల్లు, అదే టవరు, అదే చందా. మారినది మూల ఒక్కటే.

దీనికి కారణం మీ అందరికీ తెలిసిన ఫిజిక్సే. తరంగం పొడవైనదైతే అడ్డంకులను కొంత దాటుకుని దూరం పోతుంది. 700 మెగాహెర్ట్జ్ తరంగం మూర కంటె కాస్త తక్కువ, 43 సెంటీమీటర్లు. 3,500 మెగాహెర్ట్జ్ తరంగం తొమ్మిది సెంటీమీటర్లకు లోపే. పొట్టి తరంగం మోసే సమాచారం ఎక్కువ, ఎందుకంటే అక్కడ దారి వెడల్పు ఎక్కువ. కాని ఆకులకూ, రాతిగోడకూ, ఇనుపరేకుకూ అది తొందరగా లొంగిపోతుంది. మా ఇల్లు రెండడుగుల మందం రాతిగోడల ఇల్లు. ఎండాకాలం చల్లగా ఉంటుంది, సెల్‌ఫోను మాత్రం లోపల మూగనోము పడుతుంది. అందుకే పెట్టె బయట, ఎత్తులో ఉండాలి.

ముప్పై రోజులు నేను అక్కడే ఉండి, రోజుకు మూడుసార్లు వేగం రాసుకున్నాను. ఉదయం ఆరింటికి వంద మెగాబిట్లు దాటేది. మధ్యాహ్నం డెబ్బై, ఎనభై. రాత్రి తొమ్మిదింటికి పదిహేను, ఇరవై. రెండు రాత్రులు మూడుకు పడిపోయింది. మన కృష్ణానగర్ గల్లీలో నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు చూశారు కదా. పొద్దున ఒక్కరే ఉంటే బిందె నిమిషంలో నిండుతుంది. అందరూ గొట్టాలు వేస్తే ఎవరికీ ధార రాదు. టవరూ అంతే, చుట్టుపక్కల అందరిదీ ఒకటే. కంపెనీవాళ్లు ప్రకటనలో వేసేది తెల్లవారుజాము ధార. మనం చూసుకోవలసింది రాత్రి తొమ్మిదింటి ధార. ముఖం చూసుకుంటూ మాట్లాడడానికి రెండు మెగాబిట్లు నిలకడగా ఉంటే చాలు. కనుక అది మాకు సరిపోయింది.

సరిపోయిందనే ధీమాతోనే హైదరాబాదు వచ్చాను. ఇక ఆ రాత్రి సంగతి.

2024 ఆగస్టులో ఒక రాత్రి గాలివాన. కరెంటు పోయింది. పదకొండింటికి మా అన్నకు ఊపిరి ఆడలేదు. మేనకోడలు ఫోను తీసి 108కి చేసింది. పోలేదు. నాకు చేసింది. పోలేదు. పెట్టె రాకముందు ఆ పిల్లకు ఒక అలవాటుండేది. ఎవరితో మాట్లాడాలన్నా డాబా మెట్లెక్కేది. పెట్టె వచ్చాక ఇంట్లోనే వైఫై మీద మాటలు వినబడుతుంటే ఆ అలవాటు పోయింది. కరెంటు పోతే వైఫై పెట్టె ఆగిపోతుందనీ, ఫోను మళ్లీ రాతిగోడల మధ్య మూగదవుతుందనీ నేను ఆమెకు చెప్పలేదు. టవరు పనిచేస్తూనే ఉంది. ప్రాణం లేనిది మా పెట్టెకే. ఫోను చెడిపోయిందనుకుని ఆపి, తెరిచి, మళ్లీ ఆపి, పావుగంట పోగొట్టుకుంది. ఆఖరుకు పక్కింటి పిల్లవాడు కేక విని వచ్చి, వాకిట్లోంచి తన ఫోనుతో 108కి చేశాడు. బండి వచ్చింది. దేవరకొండ ఆసుపత్రికి తీసుకుపోయారు. తెల్లవారేసరికి అన్న తేరుకున్నాడు.

నేను పొద్దున్నే చేరాను. ఆక్సిజన్ గొట్టం పక్కకు జరిపి, "నువ్వు పెట్టిన డబ్బ వాన పడితె పండుకుంటది రా" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ముప్పై రోజులు రాసుకున్న పుస్తకంలో కరెంటు లేనప్పటి అంకె ఒక్కటీ లేదు. పిల్లలకు ప్రయోగం నేర్పినవాణ్ణి, అన్ని వేళలా కొలిచాను గాని అసలు వేళ కొలవలేదు.

ఆ తరువాత చేసిన మార్పులు చెబుతాను, రాసుకోండి. పెట్టెలకు సరిపడే చిన్న యూపీఎస్ ఒకటి కొన్నాను. డాబా మీది యూనిట్‌కూ, లోపలి పెట్టెకూ రెండింటికీ కరెంటు అందాలి. వాటి అడాప్టర్ల మీద రాసి ఉన్న వోల్టేజి చూసి మరీ కొనాలి. ఇప్పుడు మెయిన్ స్విచ్ ఆపితే మూడు గంటలు నడుస్తున్నది. నెలకొకసారి ఆపి చూస్తున్నాం. రెండోది, అన్న మంచం పక్కన వేరే కంపెనీ సిమ్ము వేసిన మామూలు బటన్ ఫోను పెట్టాం. ఒకే టవరును నమ్మకూడదు. మూడోది, పక్కింటి నంబరు, 108, ఆసుపత్రి నంబరు గోడ మీద పెద్ద అక్షరాలతో రాయించాను. పక్కనే "ఫోను పోకుంటే డాబా ఎక్కాలి" అని కూడా రాసి ఉంది. నాలుగోది, చెడితే ఎవరు వస్తారు, ఎన్ని రోజులకు వస్తారు అని ముందే అడగాలి. ఒకసారి కోతులు వైరు తెంపితే మనిషి రావడానికి ఆరు రోజులు పట్టింది. ఇప్పుడు వైరును గొట్టంలో వేశాం.

ఇన్ని బాధలు పడి పెట్టుకోవడం అవసరమా అని మీరు అడగవచ్చు. అవసరమే. 2020 సెప్టెంబరు 1 నుంచి మన రాష్ట్రంలో పిల్లలకు టీవీలో పాఠాలు చెప్పినప్పుడు, ఫోను పాఠాల కోసం మా ఊరి పిల్లలు గుట్టెక్కి కూర్చునేవారు. ఇవాళ మా వాకిట్లో కూర్చుంటున్నారు. మా అన్న పల్లెలోనే ఉండి డాక్టరుకు ముఖం చూపించగలుగుతున్నాడు. 2022లో కేంద్రం 4జీ అందని ఊళ్లు 24,680 ఉన్నాయని లెక్క చెప్పి, వాటి కోసం 26,316 కోట్లు మంజూరు చేసింది. 2025 సెప్టెంబరులో మన దేశంలోనే తయారైన 4జీతో బీఎస్ఎన్ఎల్ వేల టవర్లు జాతికి అంకితమయ్యాయి. టవర్లు వస్తున్నాయి. వచ్చిన టవరును మన ముసలివాళ్ల మంచం దాకా తెచ్చే పని మాత్రం మనదే. అది ఏ పథకంలోనూ రాసి ఉండదు.

ఆఖరుగా మన సంఘానికి సంబంధించిన మాట. నవంబరు వస్తే మనందరికీ లైఫ్ సర్టిఫికెట్ బెంగ. జీవన్ ప్రమాణ్ 2014లో వచ్చినా, మొదట్లో వేలిముద్రలు కావలసి వచ్చేవి. మా అన్న వేళ్లు అరిగిపోయాయి, యంత్రం ఒప్పుకునేది కాదు. 2021 నుంచి ముఖం చూపిస్తే చాలు. 2024 నవంబరులో నేను డాబా నీడలో ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి ఫోను ఎదురుగా పట్టుకున్నాను. కళ్లు మూసి తెరవమంది. ఆయన అట్లాగే చేసి, "బతికున్ననని చెప్పుడుకు కన్ను గొడితె సాలా?" అన్నాడు. సర్టిఫికెట్ నిమిషంలో వచ్చింది. 2025 నవంబరులోనూ అదే కుర్చీ, అదే డాబా. ఈసారి ఊళ్లో ఇంకో ముగ్గురు పెన్షనర్లు కూడా వచ్చి వరుసలో కూర్చున్నారు. మేనకోడలే అందరికీ చేసింది. నేను ఊరికే చూస్తూ కూర్చున్నాను.

మనలో ఊళ్లతో రాకపోకలున్నవారు ఈ పని ఎవరి ఊళ్లో వారు మొదలుపెట్టాలని నా మనవి. పెట్టె పెట్టించేముందు డాబా నాలుగు మూలలూ చూడండి. రాత్రి తొమ్మిదింటికి కొలవండి. మెయిన్ ఆపి మరొకసారి కొలవండి. ఇంట్లో ఉండే మనిషికి అన్నీ చెప్పి రండి. ఈ నాలుగోది నేను మరచిపోయాను. మీరు మరువకండి.