మైనస్ గుర్తు ఎవరిది?
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కరువు భత్యం గురించి, వైద్య ఖర్చుల గురించి మాట్లాడేందుకు ఈ వేదిక మీద నాకంటె తెలిసిన పెద్దలున్నారు. నాకిచ్చిన పది నిమిషాల్లో ఒక చిన్న లెక్క గురించి మనవి చేస్తాను. లెక్క చిన్నదే గాని, దానివల్ల మా ఇంట్లో ఒక పూట ఎవరికీ అన్నం సయించలేదు.

మా మనవరాలు ఏడో తరగతి చదువుతోంది. ఘాతాంకాల పాఠం. ఇంటి దగ్గర చేసుకు రమ్మన్న లెక్కల్లో (-5)⁰ విలువ ఎంత అని ఒకటుంది. పిల్ల ముందు 1 అని రాసి, దాన్ని కొట్టేసి, పక్కన -1 అని రాసింది. ఎందుకు కొట్టేశావమ్మా అంటే, "అన్నయ్య కాలిక్యులేటర్‌లో చూశాను తాతయ్యా, -1 వచ్చింది" అంది.

నేను లెక్కల విభాగంలో రిటైరైనవాణ్ణి. పైసా తేడా వస్తే రాత్రి దాకా కూర్చుని పట్టుకున్న రోజులున్నాయి. వెంటనే బీరువాలోంచి నా పాత కాలిక్యులేటర్ తీసి నొక్కాను. 1 వచ్చింది. "చూశావా?" అన్నాను. పిల్ల తన దాంట్లో మళ్ళీ నొక్కింది. మళ్ళీ -1. "నీది పాత మిషన్ కదా తాతయ్యా" అంది.

ఆ మాటకి నాకెందుకో చాలా కోపం వచ్చింది. నీకు నొక్కడం కూడా రాదనీ, మిషన్లు చేతికొచ్చాక మీ బుర్రలు పనిచెయ్యడం మానేశాయనీ ఏవేవో అనేశాను. పిల్ల నోటు పుస్తకం మూసి లోపలికి వెళ్ళిపోయింది. రాత్రి భోజనానికి కూడా పిలిస్తే గాని రాలేదు.

నిద్ర పట్టక కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చున్నాను. మెట్లు దిగినట్టు పైనుంచి కిందికి వచ్చాను. (-5)³ అంటే -125. (-5)² అంటే 25. రెండు ఋణాలను గుణిస్తే ధనం వస్తుందని బ్రహ్మగుప్తుడు 628లో రాసిన బ్రాహ్మస్ఫుటసిద్ధాంతంలోనే చెప్పాడు. (-5)¹ అంటే -5. ఘాతాంకం ఒకటి తగ్గినప్పుడల్లా ముందు వచ్చిన జవాబును -5తో భాగిస్తున్నాం. ఇంకో మెట్టు దిగాలంటే -5ని -5తో భాగించాలి. అప్పుడు 1 వస్తుంది. కాబట్టి (-5)⁰ అంటే 1. పిల్ల మొదట రాసిందే సరి. సున్నా కాని ఏ సంఖ్యకైనా ఇదే తీరు.

మరి ఆ మిషన్ -1 ఎందుకు చూపించింది? దాంతో వచ్చిన సూచనల పుస్తకం మనవడి సొరుగులో దొరికింది. ఏ పని ముందు చేస్తుందో, ఏది తరవాతో అందులో వరసగా రాశారు. ఘాతం ముందు, ఋణ గుర్తు తరవాత. బ్రాకెట్లు లేకుండా -5⁰ అని నొక్కితే అది ముందు 5⁰ కడుతుంది. అది 1. ఆ తరవాత ముందున్న మైనస్ తగిలిస్తుంది. -1 అవుతుంది. ఋణసంఖ్యకి ఘాతం కావాలంటే బ్రాకెట్లలో పెట్టి నొక్కమని కూడా అక్కడే ఉంది. గణిత పుస్తకాల్లోనూ బ్రాకెట్లు లేని -5⁰ కి అర్థం అదే. మిషన్ తప్పు చెప్పలేదు. పుస్తకంలో ఉన్న లెక్క ఒకటి, పిల్ల నొక్కింది ఇంకొకటి, అంతే.

ఇంకో సంగతి గమనించాను. ఘాతాంకం 3 లాంటి బేసి సంఖ్య అయితే బ్రాకెట్లు వేసినా వెయ్యకపోయినా జవాబు ఒకటే, -125. అందుకే ఈ పొరపాటు చాలాసార్లు బయటపడదు. సరి సంఖ్య దగ్గరే పట్టుబడుతుంది. సున్నా కూడా సరి సంఖ్యే కదా.

మర్నాడు పొద్దున్నే పిల్లని పిలిచి, "నీ మొదటి జవాబు సరైనది, నీ మిషన్ కూడా సరైనదే, నేను కోప్పడడమే తప్పు" అని చెప్పాను. అంతా విని ఒక ప్రశ్న వేసింది. "అయితే నీ పాత మిషన్‌కి బ్రాకెట్లు లేకుండానే ఎలా తెలిసింది తాతయ్యా?"

దానికీ ఏమీ తెలియదు. నా దాంట్లో ముందు 5 నొక్కి, తరవాత గుర్తు మార్చే బటన్ నొక్కాలి. అప్పటికే -5 మొత్తం ఒకే అంకెగా తెర మీద ఉంటుంది. ఆ తరవాతే ఘాతం. అది వాటి వాటి అలవాటు. మనలో కొందరు కంప్యూటర్లో ఎక్సెల్ వాడుతున్నారు. అందులోనూ అంతే, =-5^0 అని కొడితే 1 వస్తుంది, =-2^2 అంటే 4 వస్తుంది. పిల్ల దగ్గరున్న లాంటి సైంటిఫిక్ కాలిక్యులేటర్‌లో బ్రాకెట్లు లేకుండా అదే కొడితే -4. మైనస్‌ని అంకెతో కలిపి బ్రాకెట్లలో పెడితే రెండు చోట్లా 4 వస్తుంది.

ఇందులో నాకు సిగ్గనిపించిన విషయం ఒకటుంది. ఆస్తి అప్పుల పట్టీల్లో లోటు పడిన మొత్తాన్ని మనం బ్రాకెట్లలో చూపించేవాళ్ళం. ఆ బ్రాకెట్లు జారిపోతే లోటు కాస్తా మిగులైపోతుందని కింద పనిచేసే కుర్రాళ్ళకి నేనే చెప్పేవాణ్ణి. మనవరాలి దగ్గరికి వచ్చేసరికి, ఏం నొక్కావమ్మా అని ఒక్క మాట అడగలేకపోయాను. అడిగి ఉంటే రెండు నిమిషాల్లో తేలిపోయేది.

మీ ఇళ్ళల్లోనూ పిల్లలు మిషన్లో వచ్చిన జవాబు తెచ్చి చూపిస్తారు. అది మనకు తెలిసినదానికి తేడాగా ఉంటే, వాళ్ళ చేత ఇంకోసారి మన ఎదుట నొక్కించండి. ఒక్కొక్క బటనూ చూడండి.

పిల్ల -1 కొట్టేసి, మళ్ళీ 1 రాసుకుంది. నా పాత కాలిక్యులేటర్ ఇప్పుడు తన బల్ల మీదే ఉంది. రెండిట్లోనూ నొక్కి చూసుకుంటానని అడిగి మరీ పట్టుకుపోయింది.