వేళ తప్పని చిన్న సేవకుడు
(నూజివీడు ప్రాంత పంచాయతీ సభ్యుల సమావేశమునందు చేసిన ప్రసంగము)



వేళకు పని చేయుటను గూర్చి నూజివీడు మామిడి రైతునకు ఒకరు చెప్పవలసినది లేదు. పూత నాడు ఏమి చేయవలెనో, పిందె నిలిచిన పిమ్మట నీరెప్పుడు పెట్టవలెనో, బంగినపల్లి, చిన్నరసముల కోత ఎన్నడు మొదలిడవలెనో మీకు తెలియును. అయితే దినదినము ఒకే వేళకు చేయవలసిన చిన్న పనులను మరచుట మానవ సహజము. అట్టి పనులను ఇంటనుండు చిన్న కంప్యూటరునకు అప్పగించు విధమును నేడు మనవి చేసెదము.

అరచేతిలో ఇముడు రాస్ప్‌బెర్రీ పై అను కంప్యూటరు 2012లో ఇంగ్లండులో వెలువడినది. దీనికి విద్యుత్తు కొద్దిగా చాలును, రేయింబవళ్లు నడువగలదు. చేయవలసిన పనిని వరుసగా వ్రాసియుంచిన ఆజ్ఞలను స్క్రిప్టు అందురు. దానిని వేళకు నడపు వ్యవస్థ పేరు క్రాన్. ఇది క్రొత్తది కాదు. అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌వారు 1979లో వెలువరించిన యూనిక్స్ ఏడవ కూర్పునందే ఇది కలదు.

క్రాన్‌నకు వేళ తెలుపుటకు ఐదు గడులు కలవు: నిమిషము, గంట, తేదీ, నెల, వారము. నక్షత్రపు గుర్తునకు 'ప్రతి' అని అర్థము. 30 5 * * * అని వ్రాసినచో ప్రతిదినము ఉదయము 5 గంటల 30 నిమిషములకు పని జరుగును. చివరి గుర్తునకు బదులు 1 ఉంచినచో సోమవారములందు మాత్రమే జరుగును. ఊరికి క్రొత్తగా వచ్చిన మనిషికి ఇంటి గుర్తులన్నియు చెప్పినట్లు, స్క్రిప్టు ఉన్న చోటును క్రాన్‌నకు పూర్తిగా తెలుపవలెను. మనము చేతితో నడిపినపుడు జరిగిన పని, ఈ జాగ్రత్త లేనిచో క్రాన్ చేతిలో నిలిచిపోవచ్చును.

ఇక మా అనుభవము. ఉదయము 5.30కు ఆనాటి వాతావరణ సూచనను తెచ్చి తెరపై ఉంచునట్లు మేము ఏర్పాటు చేసికొంటిమి. పూతకాలమున ఒకనాడు 5 గంటలకు కరెంటు పోయి 6 గంటలకు వచ్చినది. కంప్యూటరు లేచినది గాని, దాటిపోయిన పనిని క్రాన్ మరల చేయలేదు. తెరపై నిలిచినది నిన్నటి సూచన. దానినే నేటిదని నమ్మి తేనెమంచు పురుగునకు మందు పిచికారి చేయించితిమి. సాయంకాలము వాన కురిసి మందంతయు కడుగుకొని పోయినది. మందు ఖర్చు, కూలి ఖర్చు రెండును వృథా అయినవి.

తప్పు యంత్రమునది కాదు, చూడని మాది. కనుక మూడు జాగ్రత్తలు చెప్పుచున్నాము. మొదటిది: తప్పిన దినపు పనిని కంప్యూటరు లేచిన పిమ్మట చేయించు అనాక్రాన్ అను ఏర్పాటు కలదు, దానిని వాడవలెను. రెండవది: ఈ కంప్యూటరు పాత రకములలో బ్యాటరీతో నడచు గడియారము లేదు. కరెంటు వచ్చిన తరువాత ఇంటర్నెట్టు ద్వారా సరియైన వేళ అందువరకు అది పొరబడవచ్చును. మూడవది, ముఖ్యమైనది: పని జరిగినపుడెల్ల తేదీ, వేళలతో ఒక పంక్తి వ్రాయించవలెను, ఆ పంక్తిని ఒక మనిషి దినమునకొకసారి చదువవలెను.

పంచాయతీ లెక్కలకు ప్రతిరాత్రి మరొక ప్రతి తీయించుటకు, నీటి ట్యాంకు మోటారు వేళను జ్ఞాపకము చేయించుటకు ఈ పద్ధతి ఉపకరించును. కాని, ప్రతి తీయబడినదనుకొని ఎవ్వరును చూడనిచో, లెక్కలు పోయిన నాడు గాని ప్రతి లేదని తెలియదు. కావలివానిని పెట్టినంతమాత్రమున కావలి కాయబడదు. అతడు వచ్చినదీ రానిదీ విచారించువాడును ఉండవలెను. మీ పంచాయతీలో ఆ బాధ్యత ఎవరిదో ముందు నిర్ణయించి, పిదప యంత్రమునకు పని అప్పగింపుడని మా మనవి.