పాత ఇంజను: బాగుచేయింతుమా? మార్పింతుమా?

మోటారు సైకిలు గల యింట ఏదో యొకనాడు ఈ ప్రశ్న పుట్టక తప్పదు. బండి లాగుట లేదు. వెనుక పొగ వచ్చుచున్నది. పోసిన నూనె పోసినట్లే మాయమగుచున్నది. వీధి చివర మెకానిక్కు ఒక్కమారు కిక్కు కొట్టి చూచి, "ఇంజను అయిపోయిందండీ" అని చేతులు తుడుచుకొనును. ఆ మాటతో ఇంట రెండు పక్షములేర్పడును. బాగుచేయింతమని కొందరు, పాతదానికి పెట్టిన డబ్బు బూడిదలో పోసిన పన్నీరని కొందరు. మా యింట ఈ వాదము 2023 వేసవిలో రెండు నెలలు సాగినది. అందులో మేము తెలిసికొన్న సంగతులను కొన్నిటిని శ్రోతలకు విన్నవింతుము.

మా బండి బుల్లెట్టు. మా నాన్నగారు పశువైద్యులుగా దివిసీమలో పనిచేసినవారు. 1977 నవంబరు 19వ తేదీ ఉప్పెనలో ఆ సీమ ఎట్లయినదో పెద్దలకు జ్ఞాపకముండును. మిగిలిన పశువులను చూచుటకు ఊరూర తిరుగవలసి వచ్చి, సైకిలు చాలక, మరుసటి యేడు అప్పుచేసి ఆయన ఈ బండిని కొనిరి. మాకంటె అది రెండేండ్లు పెద్దది. మమ్ములను బడికి చేర్చినది, చెల్లెలి పెండ్లికి బియ్యపు బస్తా మోసినది అదే. ఈ సంగతి ముందే చెప్పుట న్యాయము. ఇట్టి బండిని గూర్చి మాటలాడువాని తక్కెడ ఏ వంకకు మొగ్గునో శ్రోతలు గ్రహింపగలరు.

ఇక బండి పుట్టుపూర్వోత్తరములు. బుల్లెట్టు ఇంగ్లండులోని రెడిచ్ పట్టణపు సృష్టి. 1955లో మద్రాసున ఎన్‌ఫీల్డ్ ఇండియా సంస్థ ఏర్పడి, తిరువొత్తియూరులో ఈ బండ్లను కూర్చుటకు, పిమ్మట తయారు చేయుటకు పూనుకొన్నది. సిలిండరు లోపలి వ్యాసము 70 మిల్లీమీటర్లు, పిస్టను నడక 90 మిల్లీమీటర్లు. లెక్కవేసినచో 346 ఘనపు సెంటీమీటర్లు వచ్చును. సిలిండరు పోత ఇనుముతో చేసినది. 2010 ప్రాంతమున ఆ పాత ఇంజను తయారీ నిలిచిపోయినను, విడిభాగములు నేటికిని దొరకుచున్నవి. ఈ ఒక్క సంగతి లేనిచో మా వాదమే పుట్టకుండును.

"ఇంజను అయిపోయింది" అను మాటను కొంచెము పరీక్షింతము. ఇంజను కొవ్వొత్తివలె మొత్తముగా కరగిపోవునది కాదు. అందులో కొన్ని భాగములు అరుగుటకే యేర్పడినవి: పిస్టను రింగులు, సిలిండరు గోడ, వాల్వులు, వాని గైడులు, కనెక్టింగు రాడ్డు క్రింది బుష్షు. కొన్ని ఏండ్ల తరబడి నిలువవలసినవి. ఒకప్పటి వాల్వు రేడియో మూగవోయినప్పుడు పెట్టెను పారవేసినవారెవ్వరు? ఏ వాల్వు పోయినదో చూచి దానినే మార్చుకొనెడివారు. కనుక అరిగినదేది, ఎంత అరిగినది అని తెలియనిదే ధర గూర్చిన మాటకు అర్థము లేదు. ఆ వేసవిలో మా తమ్ముడు అమ్మివేయుదమని, మేము వలదని గొంతులు పెంచుచుండగా నాన్నగారు ఒక్కటే అడిగిరి: "విప్పి చూశార్రా?" చూడలేదు. "గొడ్డుకి జ్వరం చూడకుండా నేనెప్పుడూ మందు రాయలేదు" అని ఆయన పత్రికలో తల దూర్చిరి.

విప్పుటకు ముందుగనే తెలియదగినవి కొన్ని గలవు. మొదటిది పొగ. నల్లని పొగ పెట్రోలు ఎక్కువ పడుటకు గుర్తు. అది కార్బురేటరు తగవు గాని ఇంజను మరణము కాదు. చలి ఉదయమున క్షణకాలము కనబడు తెల్లని ఆవిరిని చూచి భయపడనక్కరలేదు. నీలిపొగ నూనె కాలుచున్నదనుటకు సాక్ష్యము. అందులోను భేదమున్నది. బండి వేగమందుకొన్నంతసేపు నీలిపొగ విడువక వచ్చినచో రింగులను, సిలిండరును అనుమానింపవలెను. పల్లమున యాక్సిలరేటరు మూసి దిగి, అడుగున మరల తెరచినప్పుడు మాత్రమే ఒక్క మేఘము వెడలినచో వాల్వు గైడులు వదులైనవన్నమాట. అది చాల చిన్న ఖర్చు. జావా, రాజ్‌దూత్ వంటి రెండు స్ట్రోకుల బండ్లకు ఈ సూత్రము వర్తింపదు. వానికి పెట్రోలులోనే నూనె కలుపుదురు గనుక కొంత నీలిపొగ సహజము.

రెండవది కిక్కు. ఆరోగ్యముగ నున్న బుల్లెట్టు కిక్కుపై మనిషి నిలుచున్నను, పిస్టను పైకి వచ్చు తావున అది కొంతసేపు ఎదురొడ్డి ఆగును. డీకంప్రెసరు మీట నొక్కి, అమ్మీటరు ముల్లును నడుమకు తెచ్చి కిక్కు కొట్టు విద్య మాకు నాన్నగారు నేర్పినది ఆ బలమును జయించుటకే. ఆ యేడు మా కాలిక్రింద కిక్కు మెత్తని పరుపువలె దిగిపోయెను. దీనిని కొలతతో చూచుటకు ప్లగ్గు తీసి, ఆ రంధ్రమున ఒత్తిడి కొలుచు గేజి బిగించి, యాక్సిలరేటరు పూర్తిగ తెరచి నాలుగైదు కిక్కులు కొట్టవలెను. వచ్చిన అంకెను వ్రాసికొని, అదే రంధ్రమున ఒక చెంచాడు ఇంజను నూనె పోసి మరల కొట్టవలెను. నూనె రింగుల చుట్టు చేరి సందులను తాత్కాలికముగా మూయును. అందుచేత రెండవ అంకె బాగుగ పెరిగినచో లోపము రింగులలోనో సిలిండరులోనో ఉన్నట్లు. పెరుగనిచో వాల్వులలో ఉన్నట్లు. మాకు బాగుగనే పెరిగెను.

మూడవది శబ్దము. ఇచ్చట మా గర్వభంగము జరిగినది. ఇరువదేండ్లుగా మైక్రోఫోను ముందు కూర్చున్న చెవులు మావి. స్క్రూడ్రైవరు కొన ఇంజనుకు, పిడి చెవికి ఆనించి, "ఇది పిస్టను చప్పుడే, క్రింది భాగము క్షేమము" అని తీర్పు చెప్పితిమి. పిస్టను చప్పుడు ఇంజను చల్లగా నున్నప్పుడు ఎక్కువగ నుండి, వేడెక్కిన కొలది తగ్గును. కనెక్టింగు రాడ్డు క్రింది చప్పుడు వేడెక్కి బరువు లాగునప్పుడు పెరుగును. మాకు మొదటిది వినబడినది; దాని చాటున రెండవది కూడ ఉన్నదని తోచలేదు.

విజయవాడ ఆటోనగరులో పాత బుల్లెట్టులనే పట్టుకొని జీవించిన పెద్ద మెకానిక్కు ఒకరు టాంకు తీసి, ఇంజనును చాసిస్ నుండి దింపకయే హెడ్డును సిలిండరును పైకి లాగిరి. సిలిండరు పైయంచున వ్రేలు పెట్టి చూడుమనిరి. రింగులు చేరని ఆ అంచు క్రింద గోరు తగులు మెట్టు ఏర్పడియున్నది. అరుగుదల అంతటను సమముగ నుండదు. ముందు వెనుకల ఎక్కువ, ప్రక్కల తక్కువ. గుండ్రని బోరు కోలగ మారును. అట్టి బోరులో కొత్త రింగులు మాత్రము వేసినచో నెల గడువకముందే పొగ మరల వచ్చును. చవకయని చాలమంది చేయించుకొను పని అదే. మా పిస్టను నెత్తిన కొట్టిన అంకెను బట్టి అది రెండవ సైజని, అనగా బోరు అంతకుముందే రెండుమార్లు పెంచినదని తెలిసినది. మూడవ సైజు దొరకును. అదియు దాటిన పిమ్మట స్లీవు దిగగొట్టించి మొదటి కొలతకు తెచ్చుకొనవచ్చును. కావున బోరు పోయినంతమాత్రమున ఇంజను పోయినట్లు కాదు.

అంతలో ఆయన కనెక్టింగు రాడ్డును రెండు వ్రేళ్లతో పట్టి నిలువున ఎత్తి దించిరి. టక్కుమన్నది. "పక్కకి కొంచెం ఊగొచ్చు సార్. పైకీ కిందకీ మాత్రం ఇసుమంత కూడా ఆడకూడదు" అనిరి. పాత బుల్లెట్టులో రాడ్డు క్రింద రోలర్లకు బదులు, నూనె పొరపై తేలుచు తిరుగు బుష్షు ఉండును. సకాలమున నూనె మార్చినంత కాలము అది బండిని మోయును. అశ్రద్ధ చేసినచో త్వరగ అరుగును. అశ్రద్ధ చేసినది మేమే. నాన్నగారి చేతినుండి బండి మా చేతికి వచ్చిన పిమ్మట నూనె మార్పించిన తేదీలు ఎచ్చటను వ్రాసిపెట్టలేదు.

ఇప్పుడు ప్రశ్న నిజముగ ఎదుట నిలిచెను. పైపని మాత్రమైనచో ఎవరును వాదింపరు. క్రింది పనికి ఇంజను దింపి, కేసులు విడదీసి, క్రాంకును లేతుపై సరిచూపించవలెను. ఖర్చు పైపనికి మూడింతలని తేలినది. ఇదే సమయమున వేరొక దుకాణమున ఇటువంటి ఇంజనే, వాడినది, సిద్ధముగ నున్నదని మా తమ్ముడు కబురు తెచ్చెను. ధర మా మరమ్మతు లెక్కలో మూడింట రెండు వంతులు. ఒకే దినములో ఎక్కించి యిత్తురు. పోయి చూచితిమి. పైన రంగు మెరయుచున్నది. లోపల ఏ సైజు పిస్టను ఉన్నదో, రాడ్డు ఆడుచున్నదో అడిగితిమి. విప్పి చూపరట. కాగితములు అడిగితిమి. "నంబరు సంగతి మనం చూసుకుందాం సార్" అని ఆ దుకాణదారు నవ్వెను.

ఆ నవ్వుతో మా మనస్సు స్థిరపడెను. ఇంజను నంబరు రిజిస్ట్రేషను సర్టిఫికెట్టులో వ్రాయబడియుండును. 1988 మోటారు వాహనముల చట్టము 52వ సెక్షను ప్రకారము, ముందుగా అనుమతి పొందక ఇంజను మార్చినచో 14 దినములలోగ రిజిస్టరు చేయు అధికారికి తెలిపి, సర్టిఫికెట్టును సవరింపించుకొనవలెను. పాత బండ్లకు 15 ఏండ్ల పిమ్మట ఐదేసి యేండ్లకొకమారు రిజిస్ట్రేషను పునరుద్ధరింపవలెను. అప్పుడు బండిని చూపవలెను. బిల్లు లేని ఇంజను దొంగబండిది కావచ్చును. దానిపై మన నంబరు కొట్టించుట నేరమని వేరుగ చెప్పనక్కరలేదు. చవకగ దొరకినదానిలో ఈ భయము కూడ కలిపి తూచవలెను.

అయినను అన్నివేళల మరమ్మతే మేలని మేమనము. మా కార్యాలయములో ఒక మిత్రుని స్ప్లెండరు ఉన్నది. చైను తెగి చుట్టుకొని దాని కేసు పగిలినది. అట్టి బండ్లలో ఇంజనుకు గేరుబాక్సుకు ఒకటే కేసు గనుక పగులు ఒకచోట వచ్చినను బాధ రెంటికిని. పాత బుల్లెట్టులో గేరుబాక్సు వేరు పెట్టె. ఆ మిత్రుడు అతుకు వేయించుకొని నాలుగు నెలలు నూనె కార్చుకొనుచు తిరిగి, చివరకు బిల్లుతో ఇంజను కొని, కార్యాలయములో వ్రాయించుకొనెను. ముందే కొనవలసినది. దినమునకు నలువది కిలోమీటర్లు దానిపైననే తిరుగువాడు నెలల తరబడి లేతుల చుట్టు తిరుగజాలడు.

కనుక మా తీర్పంతయు కేసుపై ఆధారపడియుండెను. పెద్ద మెకానిక్కు కేసులు విడదీసిన దినమున సెలవు పెట్టి పోయితిమి. చల్లగ నున్నప్పుడే బేరింగులు చేతికి ఊడివచ్చినచో వాని గూళ్లు వదులైనట్లు. అప్పుడు కొత్త బేరింగు వేసినను నిలువదు. వేడిచేసినగాని రాకున్నచో కేసు గట్టిదన్నమాట. ఆయన చేతితో లాగిరి, రాలేదు. చెక్కసుత్తితో తట్టిరి, రాలేదు. స్టవ్వుపై కేసును వేడిచేసిన పిదప బేరింగు దానంతట జారిపడెను. ఆయన మా వంక చూచి ఏమియు అనలేదు. మేము అడ్వాన్సు ఇచ్చి వచ్చితిమి.

పని చేయించుకొనువారికి రెండు మాటలు. పిస్టను ముందు కొని, దానిని లేతువానికిచ్చి, దాని కొలతకు బోరు చేయింపవలెను. సిలిండరుకు పిస్టనుకు నడుమ ఉండవలసిన సందు సుమారు తలవెంట్రుక మందము. ఒకే సైజు పిస్టనులలో కూడ అంత తేడా ఉండవచ్చును. ఇక బండి వచ్చిన పిదప మొదటి 500 కిలోమీటర్లు 50కి మించిన వేగము పనికిరాదు. పిమ్మట వెంటనే నూనె మార్పవలెను. ఇప్పుడు మేము తేదీ వ్రాయుచున్నాము, బీరువా తలుపు లోపల.

వాడిన ఇంజను ధరకంటె మాకు ఎక్కువే అయినది. తమ్ముడు ఆ తేడాను నేటికిని ఎత్తిపొడుచును. లెక్క ప్రకారము అతని మాట తప్పు కాదు. ఆ తేడాలో కొంత ఇంజనుకు, కొంత నాన్నగారికి అని మేము సరిపెట్టుకొంటిమి.

బండి ఇల్లు చేరిన సాయంకాలము నాన్నగారు అరుగుపై కుర్చీ వేయించుకొని కూర్చుండిరి. మోకాళ్ల నొప్పులచేత ఆయన కిక్కు కొట్టి ఆరేండ్లయినది. మేము అమ్మీటరు ముల్లు నడుమకు తెచ్చి కొట్టితిమి. రెండవ కిక్కుకు అందుకొన్నది. ఆయన కన్నులు మూసికొని చాలసేపు వినిరి. ఏమందురోయని మేమందరము నిలుచుంటిమి.

"ఐడ్లింగు ఎక్కువ పెట్టాడు" అనిరి. "రేపు తగ్గించమను."