పరపతి పత్రమును చూచుకొనుట
(వార్షిక మహాసభయందు చేసిన ఉపన్యాసము)



విద్యార్థి వసతిగృహమును గూర్చియు, వివాహవ్యయములను గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిదప అప్పులను గూర్చి మాటలాడుటకు మేము లేచుట కొందఱికి రసభంగముగా తోపవచ్చును. మన్నింప గోరెదము. ముప్పది సంవత్సరములు బ్యాంకు ఉద్యోగమున నుండి విశ్రాంతి గొన్నవారము గావున మాకు తెలిసిన విషయము ఇదియే.

పూర్వము మన పెద్దల పరపతి ఊరివారి నోట నుండెడిది. అప్పిచ్చు షావుకారు మనుష్యుని ఎఱుగును, వాని తండ్రిని ఎఱుగును, వాని పొలముగట్టును సైతము ఎఱుగును. ఎవరైన మనపై అపనింద మోపినచో సాయంకాలమునకే రచ్చబండకడ మన చెవిని బడెడిది. మఱునాడు పోయి సమాధానము చెప్పుకొనెడివారము. నేడు మన పరపతి మనము చూడని పుస్తకమునందు వ్రాయబడుచున్నది. 2005వ సంవత్సరపు చట్టము ననుసరించి ట్రాన్స్ యూనియన్ సిబిల్, ఎక్విఫాక్స్, ఎక్స్‌పీరియన్, క్రిఫ్ హైమార్క్ అను నాలుగు సంస్థలు ఈ లెక్కలు ఉంచుచున్నవి. జనులు నాలుగింటిని గలిపి సిబిల్ అని యొక్క పేరనే పిలుచుచున్నారు. ఎంత అప్పు గొంటిమి, ఏ నెల వాయిదా తప్పితిమి, ఏ బ్యాంకువారు మన పత్రమును తెప్పించి చూచిరి, అన్నియు నందుండును. దానినిబట్టి 300 మొదలు 900 వఱకు ఒక అంకె వేయుదురు.

ఆ పుస్తకమునందు తప్పు పడినచో ఏమగునో మా యింటనే చూచితిమి. 2022వ సంవత్సరమున మా మేనల్లుడు ఒక యిల్లు కొనదలచి బయానా ఇచ్చి, మూడు నెలల గడువు వ్రాసికొని, గృహఋణమునకు దరఖాస్తు చేసెను. వానికి మంచి ఉద్యోగము. ఒక్క వాయిదాయైనను తప్పినవాడు కాడు. అయినను బ్యాంకువారు కాదనిరి. పత్రమును తెప్పించి చూడగా, పేరైనను వినని యొక సంస్థనుండి వాని పేర రెండు చిన్న అప్పులు! ఒకటి ఎనిమిదివేల రూపాయలు. పాన్ సంఖ్య వానిదే. టెలిఫోను వానిది కాదు. చిరునామా వాడు ఎన్నడును పోని ఊరిది. సెల్‌ఫోనునందే నిమిషములలో అప్పిచ్చు యాప్‌లవలన ఎవడో చేసిన పని. ఉత్తరములు వ్రాసితిమి, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చితిమి. అప్పిచ్చినవారు ఒప్పుకొననిదే ఆ పద్దును పుస్తకమువారు కొట్టివేయజాలరట. తుదకు కొట్టివేసిరి గాని అప్పటికి బయానా గడువు దాటెను. ఇల్లు మఱియొకరికి పోయెను. బయానాలో సగము మాత్రము తిరిగి వచ్చెను. సంవత్సరమున కొక్కసారి ఆ పత్రమును చూచుకొనియుండినచో బయానాకు ముందే బయటపడెడిది గదా యని మా చెల్లెలు ఇప్పటికిని అనును. బ్యాంకులో తలనెఱసిన మేనమామ యుండియు ఎవరును చెప్పలేదని దాని భావము. ఆ మాటకు మాయొద్ద జవాబు లేదు.

మన కుటుంబములకు ప్రత్యేకముగా వచ్చు చిక్కొకటి గలదు. తాతగారి పేరు నలుగురు మనుమలకు పెట్టుదుము, ఇంటిపేరు ఒక్కటే. ఒక కాగితమున ఇంటిపేరు పూర్తిగా వ్రాయుదుము, వేఱొక కాగితమున పొడియక్షరముతో సరిపెట్టుదుము. ఇట్టి చోట్ల అన్నగారి అప్పు తమ్ముని పద్దున పడుటకు అవకాశము గలదు. పేరు, పుట్టినతేది, పాన్, చిరునామా మొదట చూచుకొని, తరువాతనే అంకెను చూడవలయును. మనవారు అంకెను మాత్రము చూచి మురియుదురు.

జామీను మాట చెప్పక తప్పదు. బంధువు వచ్చి సంతకము పెట్టుమనిన కాదనుట మనకు చేతకాదు. మేమును పెట్టినవారమే. కాని ఆ అప్పు మన పత్రమునందును కనబడును. వాడు వాయిదా తప్పిన మచ్చ మనకును అంటును. పెట్టిన సంతకము మఱచిన పెద్దలు ఈ పందిటిలోనే యుందురని మా అనుమానము. అట్లే డ్వాక్రా సంఘములలోను, చిన్న ఋణసంస్థలలోను అప్పుగొను సోదరీమణుల పేరను పద్దులు గలవు. ఇవి మగవారి వ్యవహారములని ఊరకుండరాదు; ఎవరి పత్రము వారే చూచుకొనవలయును.

ఇందులకు ఖర్చు లేదు. 2017వ సంవత్సరము జనవరి నుండి ప్రతి సంస్థయు ఏటికొక పూర్తి పత్రమును ఉచితముగా ఇయ్యవలయునని రిజర్వు బ్యాంకు శాసించెను. నాలుగు సంస్థలు గావున మూడు నెలలకొకటి చొప్పున తెప్పించుకొనిన ఏడాది పొడుగునను కాపలా యుండును. మన పత్రమును మనము చూచుటవలన అంకె తగ్గదు. ఆ భయము వట్టిది. తప్పు కనబడిన ఆ సంస్థకును, అప్పిచ్చినవారికిని ఫిర్యాదు పంపవలయును. 30 దినములలో తీర్పకున్న దినమునకు నూఱు రూపాయల పరిహారమను నియమము 2024 ఏప్రిల్‌నుండి అమలులోనికి వచ్చినది. మా మేనల్లునికి అది అందలేదు. బ్యాంకువారు మన పత్రమును చూచినప్పుడు సెల్‌ఫోనునకు వార్త పంపవలయునను నియమమును అప్పుడే వచ్చినది. అట్టివార్తను తుడిచివేయక, మనము అప్పు అడిగితిమా లేదా యని ఆలోచింపవలయును. దొంగ అప్పు గనబడిన 1930 సంఖ్యకు టెలిఫోను చేయుడు. రుసుము దీసికొని అంకె పెంచెదమను మధ్యవర్తులను మాత్రము నమ్మకుడు. నిజమైన పద్దును చెఱుపుట ఎవరి తరమును గాదు.

ఇక మా మేనల్లుని పాన్ కాగితము దొంగచేతికి ఎట్లు పోయెనో నేటికిని తెలియదు. అద్దెయింటికి ఇచ్చెను, సెల్‌ఫోను దుకాణమున ఇచ్చెను, హోటలులో ఇచ్చెను. నకలుపై ఏ పనికి ఇచ్చితిమో తేదితో అడ్డముగా వ్రాసి సంతకము చేయుట మేలు. ఆధారు నకలు అడిగినచోట కడపటి నాలుగంకెలు మాత్రమే కనబడు ప్రతి చాలునేమో అడిగి చూడవచ్చును. ఈ సందర్భమున కార్యదర్శిగారు కోపగింపకుందురుగాక. విద్యార్థివేతనములకును, వివాహ సమాచారమునకును వచ్చిన దరఖాస్తులతోబాటు వందలకొలది ఇట్టి నకళ్లు మన సంఘ కార్యాలయపు బీరువాలోనే పడియున్నవి. బీరువాకు తాళముకప్ప గలదు, తాళపుచెవి లేదు. పనితీరిన నకళ్లను కార్యవర్గము ఎదుట చింపి కాల్చివేయవలయునని రేపటి విషయనిర్ణయసభలో మేమొక తీర్మానము ప్రతిపాదింపనున్నాము. బలపఱచువారు కావలయును.

భోజనానంతరము తూర్పు పందిరిలో నుందుము. పత్రము చూచుకొనదలచినవారు పాన్ కార్డును, సెల్‌ఫోనును, కండ్లజోడును దెచ్చుకొనుడు. ఫోనునకు వచ్చు రహస్యసంఖ్యను మీరే నొక్కుడు. మాకు సైతము చెప్పకుడు.